మూడో రోజుకే పంతొమ్మిది

ఆ కరోనా వేసవిలో ఎంతమంది ఛాతీలు స్కాన్ తీశానో నేను లెక్కపెట్టలేదు. ఎవరైనా అడిగితే చేతులు తిప్పేసి ఊరుకుంటాను. వాళ్ళలో ఎవరి ముఖాలూ ఇప్పుడు గుర్తులేవు, అందరికీ మాస్కులే కదా. ఒక్క మనిషి స్కాన్ మాత్రం నా నెత్తినెక్కి దిగడం లేదు. ఆయన బతికే దారిని నా నోటితో నేనే మూసేశానా, లేక అది ముందే మూసుకుపోయి ఉందా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసి ఉంటే ఈపాటికి ఏడ్చేసి ఊరుకుందును. తెలియకపోవడమే ఈ అలసటంతా.

నెల్లూరులో ఒక స్కానింగ్ సెంటర్లో నేను సీటీ టెక్నీషియన్ని. మనిషిని బల్ల మీద పడుకోబెట్టడం, చేతులు తలపైకి పెట్టించడం, ఊపిరి బిగబట్టమని చెప్పడం, అద్దం ఇవతలికి వచ్చి మీట నొక్కడం నా పని. మనిషి లేచాక బల్ల తుడవాలి. ఆ రోజుల్లో తుడిచీ తుడిచీ నా వేళ్ళు నానబెట్టిన శనగల్లా ముడతలు పడి ఉండేవి. ఒంటి మీది ప్లాస్టిక్ తొడుగు విప్పితే మళ్ళీ కొత్తది వేసుకోవాలని, మధ్యాహ్నం దాకా మంచినీళ్ళు కూడా తాగేవాడిని కాదు. ఇంటికి పోతే నా భార్య వరండాలోనే బకెట్టు పెట్టి ఉంచేది. స్నానం చేసి, విడిగా వేసిన నవారు మంచం మీద పడితే మళ్ళీ తెల్లారేది. ఎవరితోనైనా రెండు మాటలు మాట్లాడాలంటే విసుగొచ్చేది. నాకు మామూలుగానే కాస్త విసుగెక్కువని మా వాళ్ళంటారు. ఆ వేసవిలో దానికి పెద్ద సాకు దొరికింది.

స్కాన్ తీసిన ప్రతి ఒక్కరికీ ఒక అంకె ఉండేది. ఊపిరితిత్తులు రెండూ కలిపి అయిదు భాగాలు. ఒక్కో భాగంలో జబ్బు ఎంత మేర పాకిందో చూసి సున్నా నుంచి అయిదు దాకా వేస్తారు. అన్నీ కూడితే ఇరవై అయిదుకు ఇంత అని వస్తుంది. పెరిగేకొద్దీ ప్రమాదం. ఆ రోజుల్లో జిల్లా అంతా ఈ అంకెల్లోనే మాట్లాడుకుంది. మా పెద్దనాన్న కొడుకు బోగోలు నుంచి ఫోన్ చేసి, ఎట్లున్నావని అడగడం మానేసి, వాళ్ళ మామకు పన్నెండు వచ్చింది, పర్వాలేదా అని అడిగేవాడు. ఆసుపత్రిలో మంచం కావాలంటే పేరుకంటే ముందు అంకే అడిగేవాళ్ళు.

అంకె వేయాల్సింది డాక్టరుగారు. ఆయన ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో బొమ్మలు చూసి రిపోర్టు రాసి పంపేవారు. అంతమందికి ఒక్కరే రాయాలి కాబట్టి అది సాయంత్రానికో మర్నాటికో వచ్చేది. అంతదాకా ఆగే ఓపిక ఎవరికుంది? బయట షామియానా కింద ఆక్సిజన్ పెట్టుకుని కూర్చున్న మనిషి ఆగగలడా? అందుకని బొమ్మలు తెర మీద పడగానే నేనే చూసి నోటితో చెప్పేసేవాడిని. పద్దెనిమిదేళ్ళుగా ఈ బొమ్మలే చూస్తున్నాను, ఒకటి అటూ ఇటూగా సరిపోయేది. డాక్టరుగారికీ ఆ సంగతి తెలుసు. ఆయనేమీ అనలేదు.

అంకె చెప్పడంతో ఆగి ఉంటే బాగుండేది. అది చెప్పాక, అయితే ఎట్లా ఉంటుందన్నా అని అడిగేవాళ్ళు. మొదట్లో నాకు తెలియదు, డాక్టరుని అడగండి అనేవాడిని. తర్వాత్తర్వాత జవాబు చెప్పడం మొదలుపెట్టాను. నేను ఫలానా మనిషి గట్టెక్కుతాడు అంటే గట్టెక్కేవాడు. కష్టం అంటే నాలుగు రోజుల్లో కబురొచ్చేది. అంబులెన్స్ డ్రైవర్లు నా దగ్గరికొచ్చి, అన్నా, నీ నోరు చెప్పిందంటే తిరుగులేదు అనేవాళ్ళు. నా పని ఫోటో తీయడం, జాతకం చెప్పడం కాదు. అయినా ఆ మాట వింటే ఎక్కడో లోపల కాస్త బాగానే ఉండేది. సిగ్గుగానే ఉన్నా ఉన్నమాట రాస్తున్నాను.

ఊరికే ఊహించి చెప్పేవాడిని కూడా కాదు. అంకె పక్కన రోజు చూసేవాడిని. ఈ జబ్బులో అంకె ఒక్కటే చాలదు, అది జ్వరమొచ్చిన ఎన్నో రోజు అంకె అన్నది కావాలి. మొదటి నాలుగు రోజుల్లోనే ఎక్కువ వచ్చిందంటే ఇంకా ఎక్కాల్సిన మెట్లు చాలా ఉన్నాయని అర్థం. పదో రోజు దాటాక అంతే వస్తే, చాలామందికి అది పై మెట్టు, అక్కడి నుంచి దిగుడే. అందుకే చీటీ మీద పేరు, వయసు, తర్వాత జ్వరం ఎన్నో రోజు అని ఒక గడి పెట్టుకుని, ప్రతి ఒక్కరినీ నేనే అడిగి నింపేవాడిని.

ఆయన బోగోలు మండలంలో సముద్రం ఒడ్డున ఉన్న జువ్వలదిన్నె నుంచి వచ్చాడు. చేపలు తోలే ట్రాలీ ఆటోలో, కింద గోనెపట్టలు పరిచి, దాని మీద దుప్పటి వేసి పడుకోబెట్టి తెచ్చారు. యాభై దాటి ఉంటాయి. నల్లగా, బలంగా, భుజాలు ఇంతింతేసి ఉన్నాయి. వెంట భార్య ఒక్కతే వచ్చింది. వేలికి మీటర్ పెడితే ఆక్సిజన్ ఎనభై ఆరు చూపించింది. మనిషి మాత్రం తెలివిగానే ఉన్నాడు. జ్వరం ఎన్నాళ్ళ నుంచి అని అడిగాను. మూడు రోజులన్నా అన్నాడు. భార్య కూడా తలాడించింది. గడిలో మూడు వేశాను.

బల్ల మీద ఊపిరి బిగబట్టమంటే నాలుగంకెలు లెక్కపెట్టేలోపే దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. రెండోసారీ అంతే. మూడోసారి నేను లోపలికి పోయి భుజం పట్టుకున్నాను. ఆయన మాస్కులోంచే నవ్వి, వల రాయికి తట్టుకుంటే నీళ్ళల్లోకి మునిగి విడిపించుకుని వచ్చేది మా గుంపులో తానొక్కడేనని, ఇప్పుడు చూడు, ఒడ్డున కూడా ఊపిరి ఆపలేకపోతున్నానని అన్నాడు. ఆ మాట చెప్పడానికి మూడుసార్లు ఆగాడు. నాలుగోసారికి ఎట్లాగో బిగబట్టాడు.

బొమ్మలు వచ్చాయి. కింది భాగాలు రెండూ తెల్లగా నిండిపోయి ఉన్నాయి. కూడితే పంతొమ్మిది. ఇంకో సంగతి కూడా కనబడింది. ఈ జబ్బు మొదట్లో పొగమంచు పట్టినట్టు పలచటి మచ్చలు వేస్తుంది. రోజులు గడిచి, తగ్గడానికి తిరిగేటప్పుడు ఆ మచ్చల్లో సన్నటి చారలు పడతాయి. ఆయన బొమ్మల్లో ఆ చారలు ఉన్నాయి. మూడో రోజుకి ఇవి రాకూడదే అని ఒక్క క్షణం అనిపించింది. వెళ్ళి మళ్ళీ అడుగుదామా అనుకున్నాను. ఆయన అప్పటికే బయటికి వెళ్ళాడు, బల్ల తుడవాలి, తర్వాతి మనిషి తలుపు దగ్గర ఆయాసపడుతున్నాడు. కొందరికి వేగంగా ముదురుతోందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నా కళ్ళు చూసినదాన్ని పక్కనబెట్టి, నా చేత్తో రాసుకున్న మూడునే నమ్మాను.

ఆమె కిటికీ దగ్గరికి వచ్చి ఎంతన్నా అని అడిగింది. పంతొమ్మిది అన్నాను. అంటే ఎట్టన్నా అంది. ఆసుపత్రుల్లో మంచాలు లేవని, ఒక దాంట్లో పేరు రాసుకుని సాయంత్రం చూస్తామన్నారని, మరిది ఊళ్ళోనే ఉండి మంచం కోసం ఫోన్లు చేస్తున్నాడని చెప్పింది. సాయంత్రం దాకా ఆగమంటావా అని అడిగింది. ఆమె అడిగింది అంతే. ఆగమని ఒక్క మాట అనొచ్చు. డాక్టరుగారి రిపోర్టు వచ్చాక చూద్దామనొచ్చు. నేను అన్నది ఇది.

"మూడో రోజుకే పంతొమ్మిదంటే, పదో రోజుకి చెప్పేదానికేం ఉండదమ్మా. ఆయన్ని ఎక్కడ పెట్టుకోవాలో మీరే ఆలోచించుకోండి."

ఆమె ఏడవలేదు. షామియానా కిందికి పోయి ఆయన పక్కన కింద కూర్చుని ఏదో చెప్పింది. ఆ రోజుల్లో ఆసుపత్రిలో పోయిన మనిషిని ప్లాస్టిక్ సంచిలో చుట్టి అటునుంచి అటే తీసుకుపోతున్నారు. ముఖం కూడా చూపించడం లేదని ఊళ్ళన్నీ భయపడిపోయి ఉన్నాయి. కాసేపటికి ట్రాలీ ఆటో కదిలింది. ఇంటికి తీసుకుపోతున్నారని నాకు అర్థమైంది. అర్థమై కూడా నేను నా పనిలో పడిపోయాను.

ఏడు నెలల తర్వాత, వానలు వెనకబట్టి సెంటర్ కాస్త తెరిపిన పడ్డాక, ఆమె మళ్ళీ వచ్చింది. నేను గుర్తుపట్టలేదు. ఊరి పేరు చెప్పింది, ట్రాలీ ఆటో అంది, నీళ్ళల్లో మునిగే మాట చెప్పింది. అప్పుడు కళ్ళ ముందుకు వచ్చాడు. ఎట్లున్నాడని అడగబోయి, ఆమె బోసి మెడ చూసి ఆగిపోయాను. ఇంటికి పోయిన నాలుగో రోజు పోయాడట.

రిపోర్టు కాగితం కావాలంది. అప్పట్లో రిపోర్టులు ఫోనుకి పంపేవాళ్ళం. ఆ ఫోను ఆయనదే, అది పెట్టెలో పడి ఉందట, అందులో వచ్చింది ఎవరూ చూడలేదట. ఇప్పుడు ఆ కాగితం దేనికమ్మా అంటే చెప్పింది. వాళ్ళు తిరిగి ఊరు చేరిన సాయంత్రమే మరిది ఆసుపత్రిలో మంచం ఖాయం చేశాడు. ఈమె పంపనంది. ఎట్టాగూ పోయే మనిషిని అక్కడ ఒంటరిగా పోనివ్వనని పట్టుబట్టింది. అప్పటి నుంచి మరిది ఈమెతో మాట్లాడడు. నువ్వే చంపినావని నలుగురిలో అన్నాడు. అన్నదమ్ములిద్దరిదీ ఒకే పడవ, ఒకే వాకిలి. ఆ వాకిట్లో ఏడు నెలలుగా ఎవరూ ఆమెను పలకరించడం లేదు. స్కాన్లోనే అంతా అయిపోయిందని ఉందిగదా, ఆ కాగితం తీసుకుపోయి మరిది ముందు పెడతానంది.

కంప్యూటర్లో వెతికితే దొరికింది. రెండు పేజీలు. ఇచ్చే ముందు ఒకసారి చూడడం నా అలవాటు. మొదటి పేజీలో అంకె ఉంది, పంతొమ్మిదే. రెండో పేజీ కింద డాక్టరుగారి అభిప్రాయం ఇంగ్లీషులో ఉంది. మచ్చల తీరు చూస్తే జబ్బు మొదలై పది రోజులు దాటినట్టు, తగ్గే దశలోకి తిరుగుతున్నట్టు కనిపిస్తోందని, రోగి చెప్పిన రోజులను మళ్ళీ సరిచూసుకోవాలని రాశారు. ఆ సాయంత్రమే రాసి పంపారు. నేను చూసి పక్కనబెట్టిన చారల్ని ఆయన వదిలిపెట్టలేదు.

ఎందుకడిగానో తెలియదు, అడిగాను. ఆయనకు ఒళ్ళు వెచ్చబడింది ఎప్పుడమ్మా అని.

"వెచ్చబడి అప్పటికి పది రోజుల పైనే అయింటాదన్నా. అప్పుడు నిషేధం, వేట లేదుగదా, అన్నదమ్ములు పడవ బాగుచేసుకుంటా ఉండినారు. మాత్ర మింగి ఆ పనికి పోతానే ఉండినాడు. మంచాన పడింది మూడు రోజులేగా."

మా వైపు జ్వరానికి లెక్క అదే. ఒళ్ళు కాలినంత మాత్రాన జ్వరం కాదు. పనికి పోతున్నంత సేపూ అది ఒళ్ళు వెచ్చబడడమే, లేవలేక మంచాన పడిన రోజు జ్వరానికి మొదటి రోజు. నేను పుట్టింది బోగోలు మండలంలోనే. మా నాయన వరి నాటుకు పోతూ పోతూ వారం రోజులు వణికి, ఎనిమిదో రోజు గట్టు మీద కూలబడితే, డాక్టరు అడిగినప్పుడు నిన్నటి నుంచి అని చెప్పాడు. అబద్ధం కాదు, ఆయన లెక్కలో అది నిన్నటిదే. ఆ మాట చెప్పినప్పుడు పక్కన నిలబడి ఉన్నది నేనే. ఈ లెక్క తెలియని డాక్టర్లు పొరపాటు పడ్డారంటే అర్థముంది. నేను పడ్డాను. ఆ వేసవిలో మా వైపు వాళ్ళను ఎంతమందిని అడిగి ఆ గడి నింపానో, అందులో ఎన్ని తప్పో తెలియదు.

ఆమె ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉంది. నేను రెండో పేజీ తీసి కీబోర్డు కిందికి తోశాను. ఒక్క పేజీ ఇస్తే చాలు. పంతొమ్మిది ఉంది, ఆమెకు కావలసింది అదే. మరిది నమ్ముతాడు, ఈమె బతుకు ఈమెకు తిరిగొస్తుంది, నా ఉద్యోగం నాకుంటుంది. ఎవరికీ నష్టం లేదు కదా అనుకున్నాను. ఎవరికో ఉపకారం చేస్తున్నట్టే అనిపించింది. భయపడినప్పుడు నా బుద్ధి ఇంత చురుగ్గా పనిచేస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

ఆమె ఆ పేజీ చేతిలోకి తీసుకుని, దాన్ని తడిమి, ఆయన పేరు ఏ వరుసలో ఉందో చూపించమంది. చూపించాను. దాని మీద వేలు పెట్టి అట్లాగే ఉంచింది. ఇక నావల్ల కాలేదు. రెండో పేజీ తీసి చదివి, మామూలు మాటల్లో మొత్తం చెప్పాను. తప్పు రోజు రాసుకుంది నేను, బొమ్మలో అనుమానం కనిపించినా మళ్ళీ అడగనిది నేను, రిపోర్టు రాకముందే నోరు పారేసుకుంది నేను అని చెప్పాను.

ఆమె మెల్లిగా అడిగింది.

"అయితే బతికేవాడా అన్నా?"

తెలియదమ్మా అన్నాను. అది నిజం. ఎనభై ఆరుతో వచ్చిన మనిషి పదకొండో రోజున కూడా పోవచ్చు. ఆక్సిజన్ పెట్టి నాలుగు రోజులు కాపాడితే లేచి కూర్చున్నవాళ్ళనూ చూశాను. ఎవరు ఏ వైపు పోతారో ఆ అంకె చెప్పలేదు. ఏ అంకే చెప్పలేదు. కాకపోతే ఆ రోజు నేను చెప్పగలిగినట్టు మాట్లాడాను. ఇంతా చెప్పి, నీ తప్పు ఇందులో ఏమీ లేదమ్మా అన్నాను. ఆ మాట ఆమె విన్నట్టు లేదు. కొంగుతో ముఖం తుడుచుకుంది. రవిక లోపలి నుంచి చిన్న ఫోను తీసి, ఒక నంబరు నొక్కి, నా చేతిలో పెట్టింది. మా మరిదన్నా, ఇప్పుడు నాకు చెప్పిందంతా ఆయనకు చెప్పు అంది.

అవతల ఎవురు అని ఒక మొరటు గొంతు పలికింది. స్కానింగ్ సెంటర్ నుంచి అని చెప్పాను. ఆమెతో చెప్పిన వరసలోనే అంతా చెప్పాను. రెండోసారి చెప్పడం ఇంకా కష్టంగా ఉంది. మీ వదిన నా మాట మీద వెనక్కి తిరిగింది, ఏమన్నా అనాలంటే నన్ను అనండి అన్నాను. తిట్టు కోసం ఎదురుచూశాను. నెల్లూరొచ్చి కొడతానన్నా సరేననుకున్నాను. వెనక ఎవరో ఏదో పిలుస్తున్నారు, ఈయన వాళ్ళను ఆగమన్నాడు.

"మంచాన పడేదాకా నా పక్కనే పని చేసినాడన్నా. ఒళ్ళు కాలతా ఉండిందని నాకు తెలుసు. నేను గూడా దాన్ని జ్వరం అనుకోలేదు."

ఆ తర్వాత, వదినని అన్నం తిని బయల్దేరమని చెప్పు, బోగోల్లో బస్సు దిగే దగ్గరికి నేను బండేసుకొస్తానని చెప్పు అని పెట్టేశాడు.

ఏమన్నాడన్నా అని ఆమె అడిగింది. చెప్పాను. మళ్ళీ చెప్పమంది. వదినని అనే అన్నాడా అని అడిగింది. అదే మాట అన్నాడమ్మా అన్నాను. అప్పుడు ఏడ్చింది. భర్త కోసం ఏడ్చిందో, ఆ పిలుపుకు ఏడ్చిందో నేను అడగలేదు. ఏడ్చి, రెండు పేజీలూ మడిచి సంచిలో పెట్టుకుని, వస్తానన్నా అని చెప్పి వెళ్ళింది.

ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ఆయనా అనలేదు. మర్నాడు డాక్టరుగారికి చెప్తే, అప్పటి రద్దీలో ఎవరైనా అంతేలే అన్నారు. ఒక్కరైనా తిట్టి ఉంటే బాగుండేది.